కృత్రిమాకాశము – విమానమార్గపాలకుల విద్యాభ్యాసము



సాయంసమయమున గోదావరి గట్టున కూర్చుండు అలవాటు మనలో పెక్కుమందికి కలదు. అట్లు కూర్చున్నవారికి ఇటీవల ఒక దృశ్యము తరచుగా కంటబడుచున్నది. మధురపూడి వైపునకు ఒక విమానము మెల్లగా దిగుచుండును. పిల్లలు వ్రేలు చాచి చూపుదురు. పెద్దలమైన మనమును తలయెత్తి చూచి, "ఎంత తేలికగా దిగుచున్నది!" అనుకొందుము. ఆ తేలికదనము వెనుక నేలమీద కూర్చున్న యొక మనుష్యుని కంఠస్వరము కలదని మాత్రము మనకు తోచదు. విమానమును నడపువారు వేఱు, దానికి దారి యిచ్చువారు వేఱు. ఆ రెండవవారిని గూర్చియు, వారి చదువును గూర్చియు నేడు మీకు మనవి చేయదలచితిని.

డెల్టావారికి ఈ పని యెట్టిదో తెలియజెప్పుట కష్టము కాదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప మన కాలువలు చేలకు నీరిచ్చుటయే గాక పడవలకు దారులును అయినవి. లాకు దగ్గఱ ఎగువ పడవలు కొన్ని, దిగువ పడవలు కొన్ని నిలిచి యుండగా, ఏది ముందు, ఏది వెనుక యని నిర్ణయించి తలుపులు తీయించు లస్కరు ఉండెడివాడు. సరంగు ఎంతటి మొనగాడైనను లస్కరు మాట కాదని లాకులోనికి చొరరాదు. ఆకాశమందలి లస్కరే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలరు. వానిని నేను విమానమార్గపాలకుడని పిలిచెదను. భేద మొక్కటియే. పడవను గుంజకు కట్టి నిలుపవచ్చును. విమానమును కట్టివేయుటకు ఆకాశమున గుంజ లేదు. ఆగిన పడవ తేలును. ఆగిన విమానము కూలును.

ఈ విషయమును విచారించుటకు నన్ను పురికొల్పిన సంగతి యొకటి కలదు. అది నా తప్పునకు సంబంధించినది గనుక ముందుగానే చెప్పెదను. కోనసీమలో నా పూర్వశిష్యు డొకడు వ్యవసాయము చేసికొనుచున్నాడు. వాని కుమార్తె భౌతికశాస్త్రము, గణితము చదివి పట్టపరీక్ష నెగ్గి, పోటీపరీక్షలో కూడ కృతార్థురాలై, ఈ మార్గపాలకోద్యోగమునకు ఎంపికయ్యెను. ఇంటి పెద్దలు సమ్మతింపరైరి. "బొమ్మ విమానములతో ఆడించి ఉద్యోగ మిత్తురట! నిజమైన విమానము వచ్చిననాడు ఏమగును? ఒక్క తప్పునకు వందలకొలది ప్రాణములు పోవును. ఆ పాపము మన యింటి పిల్ల మోయవలెనా?" అని వారి వాదము. శిష్యుడు నా సలహా కోరెను. నాకు తెలియని విషయమైనను, తెలియదని యొప్పుకొనుటకు పంతులుతనము అడ్డువచ్చినది. "మిథ్యాభ్యాసమువలన సత్యజ్ఞానము కలుగదు, వద్దు" అంటిని. పిల్ల నాకు మ్రొక్కి, "తాతగారూ, నేర్చుకొని వచ్చి మీకు చూపిస్తాను; అప్పుడు కూడా తప్పనిపిస్తే మానేస్తాను" అన్నది. తండ్రి చివరకు ధైర్యము చేసి పంపెను. ఆమె వచ్చి చూపినది. నేను చూచితిని. నా మాట తప్పని తెలిసికొంటిని. నావలె తెలియక అడ్డుచెప్పువారు మఱికొంద రుందురు గదా యని ఈ ప్రసంగమునకు ఒడంబడితిని.

మొదట ఈ పనిలోని కష్టము నెఱుగవలెను. పెద్ద విమానములు పైయెత్తున గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగమున పోవును. రెండు విమానములు ఎదురెదురుగా వచ్చుచున్నయెడల, రాజమహేంద్రవరమునకు కాకినాడకు గల దూరము వాటి నడుమ రెండు నిమిషములలో హరించిపోవును. కావున మార్గపాలకుడు వాటిని నిలువున 1000 అడుగులైనను, లేక రాడారులో చూచుచు అడ్డముగా 5 నాటికల్ మైళ్లు, అనగా 9 కిలోమీటర్లకు పైగా నైనను, ఎడముగా నుంచవలెనని సామాన్య నియమము. విమానాశ్రయములకు సమీపమున ఈ యెడము కొంత తగ్గును. పనికూడ మూడు తెగలుగా నుండును. బురుజుమీద నుండి రన్‌వేను కనిపెట్టువారు కొందఱు, దిగవచ్చు విమానములను వరుస కూర్చువారు కొందఱు, దూరాకాశమును కాచువారు కొందఱు.

ఈ వృత్తి పుట్టి నూఱేండ్లు దాటినది. లండను సమీపమందలి క్రాయ్‌డన్‌లో 1920లో తొలి నియంత్రణపు బురుజు వెలసెను. అమెరికాలో సెంట్ లూయీ నగరమున 1929లో ఆర్చీ లీగ్ అను నతడు ఒక చక్రపుబండిలో కుర్చీ, గొడుగు, రెండు జెండాలు వేసికొని రన్‌వే చివర కూర్చుండెడివాడు. గళ్ల జెండా చూపిన పొమ్మని, ఎఱ్ఱ జెండా చూపిన ఆగుమని అర్థము. మన రైలు గార్డు పనికి అది యించుమించు దాయాది. రెండవ ప్రపంచయుద్ధము పిదప రాడారు వచ్చినది. జెండా పోయి మాట మిగిలినది.

ఇక అసలు ప్రశ్న. ఇట్టి పనిని ఎక్కడ నేర్చుకొనవలెను? నిజమైన విమానములమీద నేర్చుకొందమన్న, తొలి తప్పే తుదితప్పు కావచ్చును. పుస్తకములో నేర్చుకొందమన్న, ఈతను గూర్చి పద్యములు వల్లించి గోదావరిలో దుమికినట్లగును. మన పల్లెలలో ఏమి చేయుదుము? పిల్లవాని నడుమునకు ఎండిన సొరకాయబుఱ్ఱలు కట్టి చిన్న కాలువలో దింపుదుము. కాలువ గోదావరి కాదు. బుఱ్ఱలు బాహుబలము కావు. అయినను అక్కడ ఆడిన కాలుసేతులు నిజమైనవి, మ్రింగిన నీరు నిజమైనది, నేర్చిన ఈత నిజమైనది.

పురాణమందును దృష్టాంతము కలదు. ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షింపదలచి శిల్పులచేత కృత్రిమపక్షిని చేయించి చెట్టుకొనయందు నిలిపించెను. ప్రాణమున్న పక్షికి బదులు బొమ్మ నేల నిలిపెను? శిష్యుడు గుఱి తప్పినను ఎవరికిని నష్టము కలుగరాదనియు, అందఱికిని ఒక్కటే పరీక్ష కావలెననియు ఆచార్యుని తలంపని నాకు తోచుచున్నది. "మిథ్యాభ్యాసము" అని నోరు జాఱిననాడు, భారతము పలుమాఱులు చదివిన నాకు ఈ కథ జ్ఞప్తికి రాకపోయెను!

విమానవిద్యలో ఈ మార్గమును చక్కగా తొక్కినవాడు అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ నగరవాసి ఎడ్విన్ లింక్. వాని తండ్రికి ఆర్గను వాద్యములు చేయు కర్మాగార ముండెను. మన హార్మోనియములో తిత్తు లున్నట్లే ఆ వాద్యములోను ఉండును. ఆ తిత్తులనే అమర్చి, నేలమీదనే ఉండి ఇటునటు ఒరగుచు లేచుచు వంగుచు నుండు చిన్న విమానపు పెట్టెను అతడు 1929లో నిర్మించెను. మొదట దానిని సంతలలో ఆటవస్తువుగా చూచినవారే యెక్కువ. 1934లో అమెరికా సైనికవిమానములు తపాలా మోయవలసివచ్చి, మంచులో, తుపానులలో పలువురు వైమానికులు మరణించిన పిమ్మటగాని సైన్యము వాటిని కొనలేదు. యుద్ధకాలమున లక్షలమంది ఆ పెట్టెలలో కూర్చుండియే విద్య నేర్చిరి. ఆట యని నవ్వబడినది ప్రాణరక్షకమైనది.

వైమానికునకు పెట్టె యొకటి చాలును; మార్గపాలకునకు ఆకాశమంతయు కావలెను. మన దేశమున ఈ విద్యకు ముఖ్యస్థానము అలహాబాదు, అనగా నేటి ప్రయాగరాజ్, సమీపమున బమ్రౌలీయందలి సివిల్ ఏవియేషన్ ట్రైనింగ్ కాలేజి. అది 1948లో ఏర్పడినది. మన తెలుగునేలమీద హైదరాబాదు బేగంపేటలోను, మహారాష్ట్రమున గోండియాలోను ఇట్టి శిక్షణాలయములు కలవు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెఱువబడగా బేగంపేటకు ప్రయాణికుల సందడి తగ్గినది. కాని విద్యాసందడి పెరిగినది. విమానమార్గముల సమస్యలను ప్రయోగశాలలలో కృత్రిమముగా కల్పించి పరిశోధించు సంస్థయొకటి 350 కోట్ల రూపాయలకు పైబడిన వ్యయముతో అక్కడ నిర్మింపబడి, 2024 మార్చి 5న ప్రధానమంత్రిచేత ప్రారంభింపబడినది.

శిక్షణాలయమందలి కృత్రిమాకాశ మెట్టిదో ఆ పిల్ల నాకు వర్ణించినది. దానిని సిమ్యులేటరందురు. ఒక గదిలో రాడారు తెఱ యుండును. దానిమీద చుక్కలు కదలుచుండును. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క విమానము. విద్యార్థి చెవులకు శ్రవణయంత్రము తగిలించుకొని ఆజ్ఞ లిచ్చును. ప్రత్యుత్తరము లిచ్చు వైమానికులు నిజముగా ఆకాశమున లేరు. ప్రక్కగదిలో కూర్చుండి ఒక్కొక్కరు అనేక విమానములకు గొంతు నిత్తురు. మాధవపట్నమువారి తోలుబొమ్మలాట చూచినవారికి ఇందు వింత లేదు. తెఱ వెనుక నున్న ఒక్కడే రాముడై, రావణుడై, కేతిగాడై పలుకును గదా! మఱియొక గదిలో గోడల చుట్టును తెఱలు దింపి, బురుజుమీద నుండి చూచినట్లే రన్‌వేను, ఆకాశమును, చెట్లను చూపుదురు. ఆచార్యుడు మీట నొక్కినంతనే పొగమంచు కమ్మును, వాన కురియును, రాత్రియగును. మన మధురపూడిలో పుష్యమాసపు మంచుతెఱకై విద్యార్థి ఏడాది వేచియుండ నక్కఱలేదు. కోరినదినమున కోరినంత మంచు.

తాజాగా వచ్చినది మఱియొకటి. కన్నులకు గంతవలె తగిలించుకొను పెట్టె. అందు రెండు చిన్న తెఱలుండి, ఒక్కొక్క కంటికి రవంత భేదముగల చిత్రమును చూపును. రెండు కన్నులతో లోకమును చూచునప్పుడు కలుగు లోతు అందుచేత కలుగును. తల త్రిప్పిన కొలది, యంత్రము ఆ కదలికను గుర్తించి చిత్రమును మార్చును. చూపరి చిత్రమునెదుట కాక చిత్రములోపల నున్నట్లు భ్రమించును. ఐవన్ సదర్లాండ్ అను పండితుడు 1968లో అమెరికాలో ఇట్టిదానిని చేసినప్పుడు దాని బరువు తల మోయలేక పైకప్పునుండి వ్రేలాడదీయవలసివచ్చెను. ఇప్పుడది చేతిసంచిలో పట్టుచున్నది. తెఱలగదికి ఎంతో చోటు, ఎంతో ధనము కావలెను. ఈ పెట్టె యున్నచో విద్యార్థి వంతుకై వేచియుండక తన గదిలోనే పదిమాఱులు పాఠము దిద్దుకొనవచ్చును.

ఈ విద్యకు కావలసిన మనస్సు ఎట్టిది? అర్జునునకు పక్షితల తప్ప మఱేమియు కనబడలేదు. అది విలుకానికి గుణము. మార్గపాలకుడు అట్లు ఒక్కదానినే చూచిన మిగిలినవి మునుగును. ఇతనికి వలసినది మన తెలుగువారి సొత్తైన అవధానము. కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, యండగండివారైన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును ఈ గోదావరిమండలమున అవధానవిద్యకు తెచ్చిన ప్రఖ్యాతి మీ రెఱుగనిది కాదు. ఒకరు సమస్య నిత్తురు, ఒకరు అక్షరము నిషేధింతురు, ఒకరు గంట కొట్టుచుందురు. అప్రస్తుతప్రసంగి అడ్డదిడ్డపు ప్రశ్నలతో మనస్సును చెదరగొట్టును. అవధాని దేనిని గూడ మఱువక చివర నన్నిటిని ధారణ చేయును. సిమ్యులేటరు నడపు ఆచార్యుడు సరిగా ఆ అప్రస్తుతప్రసంగియే. విద్యార్థి అయిదు విమానములతో తలమునకలై యుండగా ఒకదాని యంత్రము చెడినదనును. మఱియొకదాని రేడియో మూగవోయినదనును. రన్‌వేపై పక్షులు వాలినవనును. అవధానమున ధారణ తప్పిన సభవారు నవ్వుదురు. ఇక్కడ తప్పిన ఏమగునో చెప్పనక్కఱలేదు.

మాట శుద్ధియు ఇందు ముఖ్యము. వృత్రాసురుని పుట్టించిన యజ్ఞమున ఇంద్రశత్రుశబ్దము నందు స్వరము తప్పగా, ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రునిచేత చచ్చెనని శిక్షాశాస్త్రము చదివినవా రెఱుగుదురు. మన కాలమందలి కథ వినుడు. 1977 మార్చి 27న టెనెరీఫ్ ద్వీపమున మంచులో రెండు మహావిమానములు రన్‌వేపై ఢీకొని 583మంది మరణించిరి. వైమానికులు పలికిన ఒక మాట, విమానము లేచుటకు సిద్ధముగా నున్నదో, లేచుచునే యున్నదో తెలియనట్టిదయ్యెను. అనుమతి లేకయే ఒకటి పరుగిడెను. అది మొదలు "టేకాఫ్" అను మాటను అనుమతి యిచ్చునప్పుడో, రద్దు చేయునప్పుడో తప్ప పలుకరాదని నియమ మేర్పడినది. మన దేశముననే 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీపై రెండు విమానములు ఆకాశమున ఢీకొనగా 349మంది పోయిరి. 15,000 అడుగుల ఎత్తున నిలువవలసిన విమానము ఇంకను క్రిందికి దిగినది. ఢిల్లీలోని నాటి రాడారు ఎత్తును చూపునది కాదు. పిదప రాకపోకలకు వేఱువేఱు దారులు, ఎత్తు చూపు రాడారు, విమానములోనే హెచ్చరించు యంత్రము వచ్చినవి.

అందుచేత వైమానికుడు తాను విన్న యాజ్ఞను మరల అప్పగింపవలెను. మార్గపాలకుడు ఆ యప్పగింతను చెవియొగ్గి విని తప్పున్న దిద్దవలెను. వేదపాఠశాలలో గురువు ఒకమాఱు చెప్పగా శిష్యుడు రెండుమాఱులు చెప్పు సంత యిదియే. ఆంగ్లమున తొమ్మిదిని "నైనర్" అనియు, అయిదును "ఫైఫ్" అనియు, అక్షరములను ఆల్ఫా, బ్రావో, చార్లీ అనియు పలుకుటకూడ ఒకటి మఱియొకటిగా వినబడకుండుటకే. ఈ సంతయంతయు సిమ్యులేటరులో నాలుకకు పట్టువఱకు సాగును.

ఇక నా యనుభవము. గత సంక్రాంతికి ఆ పిల్ల వచ్చి, తాను సాధనకై కొనుక్కొన్న పెట్టెను మా వసారాలో నా కన్నులకు తగిలించినది. అది శిక్షణాలయపు యంత్రము కాదు, ఇంటిలో అభ్యసించునది. పడకకుర్చీలోనే యున్నాను, కాని చుట్టును అద్దములు, క్రింద రన్‌వే, దూరమున కొండలు. నాలుగు మాటలు నేర్పి, "ఆజ్ఞ ఇవ్వండి తాతగారూ" అన్నది. ఒక విమానమును రన్‌వేమీదికి వచ్చి నిలువుమంటిని. నిలిచినది. గర్వించితిని. ఇంతలో దిగంతమున మఱియొకటి దీపములు వెలుగుచు వచ్చుచుండెను. ఆ సొగసు చూచుచు దానికి దిగుటకు అనుమతి యిచ్చితిని. మొదటిది రన్‌వేమీదనే యున్నది! నేను దానిని పూర్తిగా మఱచితిని. పిల్ల పెట్టెను మెల్లగా తీసి, "తాతగారూ, ఒకదాన్ని అక్కడ నిలబెట్టి మఱిచిపోయారు" అన్నది. నవ్వలేదు. 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలిస్‌లో సరిగా ఇట్లే జరిగి సుమారు 35మంది మరణించిరని చెప్పినది. అనుభవముగల మార్గపాలకులే అట్లు మఱచిరట.

ముప్పదియైదేండ్లు పిల్లల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దినవాడను. అబద్ధపు ఆకాశమున, అబద్ధపు విమానములతో నేను చేసిన తప్పు మాత్రము అబద్ధము కాదు. ఆ మఱపు నాది. ఆ గర్వము నాది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మఱునాడు మరల తగిలించుమంటిని. ఈసారి నోరు తెఱచుటకు ముందు రన్‌వేను ఈ కొననుండి ఆ కొనవఱకు చూచితిని. ఆ చూపు నాకు పుస్తకము నేర్పలేదు, ఉపన్యాసము నేర్పలేదు. ఎవరి ప్రాణమును తీయని యొక తప్పు నేర్పినది. రజ్జువునందు తోచిన పాము మిథ్యయే. కాని దానిని చూచి ఉలికిపడినవాని గుండెదడ మిథ్య కాదు. దీపము తెచ్చి చూడవలెనను బుద్ధియు మిథ్య కాదు.

అట్లని ఈ యంత్రమును నెత్తి కెక్కించుకొనరాదు. దీని లోపములు ఆ పిల్లయే చెప్పినది. కన్ను కదలికను చూచును, దేహము కదలదు. అందువలన కొందఱికి తల త్రిప్పును, వికారము కలుగును. పెట్టె తగిలించుకొన్నవారికి తమ చేతులు సరిగా కనబడవు గనుక వ్రాతపని కష్టము. అన్నింటికంటె పెద్ద లోపము, ఇక్కడ ఎవరును చావరని విద్యార్థి ఎఱుగుట. భయము నేర్పలేని గురువు సగము గురువు. కావుననే సిమ్యులేటరులో నెగ్గినవారిని ఒంటరిగా ఆకాశమునకు వదలరు. వారు నియమింపబడిన విమానాశ్రయమున అనుభవజ్ఞుడు ప్రక్కనే కూర్చుండి, శిష్యుని ప్రతి మాటను వినుచు, తప్పు దొరలినంతనే తానే మాట అందుకొనును. కొన్ని నెలలు అట్లు గడచి, పరీక్ష నెగ్గినపిమ్మటనే స్వతంత్రాధికారము. సొరకాయబుఱ్ఱలు విప్పినను తండ్రి చేయి క్రింద నుండునట్లు. బుఱ్ఱలే చాలునని గోదావరిలో దింపుట మూర్ఖత. బుఱ్ఱలు అబద్ధమని తొలినాడే విప్పివేయుటయు మూర్ఖతయే.

గ్రామపెద్దలారా! మధురపూడి రన్‌వే 1749 మీటర్లనుండి 3165 మీటర్లకు పెరిగినది. దారి పెరిగినచోట దారి కాచువారును పెరుగవలెను గదా! భౌతికగణితములు చదివిన పట్టభద్రులును, ఇంజనీరింగు చదివినవారును ఈ పోటీపరీక్షకు అర్హులు. బాలురును బాలికలును సమానముగా అర్హులే. చూపు, వినికిడి, మాట స్పష్టత పరీక్షింతురు. పల్లెబడిలో చదివిన పిల్ల ఇందుకు తగదనుకొనకుడు. ఎవరైన వచ్చి సలహా అడిగిన, నావలె తెలియనిదానికి తీర్పు చెప్పకుడు. చూచిన పిమ్మట చెప్పుడు.

ఆ పిల్ల యిప్పుడు ఉత్తరదేశమందొక విమానాశ్రయమున రాత్రివంతు పని చేయుచున్నది. వాని తాత, నాడు వలదన్నవాడు, గోదావరి గట్టున నా ప్రక్కనే కూర్చుండి దిగుచున్న విమానమును చూచుచు, "మాస్టారూ, దానికి దారి యిచ్చినది ఎవరి పిల్లయో!" అనుచుండును. ఆ మాటకు నేను బదులు చెప్పను. ఎవరి పిల్లయైన నేమి, ఏదో ఒక కృత్రిమాకాశమున తప్పులన్నియు ముందే చేసి వచ్చినదై యుండవలెనని మాత్రము కోరుకొందును.